చిలుము తుడవరాదు

ఇత్తడి కొవ్వొత్తి స్టాండు లేని హాలు అసలు హాలే కాదని మా ఊరికి ఆ ఏడు వానాకాలంలో తెలిసింది. అప్పటిదాకా మా పేటలో పాత ఇత్తడికి ఒకటే గతి. స్టీలు సామాన్ల బండి వచ్చినప్పుడు చెంబో మరచెంబో పడేసి, బదులుగా తళతళలాడే స్టీలు గిన్నె తెచ్చుకుని, బండివాడు మోసం చేశాడని సాయంత్రం దాకా తిట్టుకునేవాళ్ళం.

పట్నాల్లో గొప్పవాళ్ళు పాతకాలపు కొవ్వొత్తి స్టాండ్లు జతలు జతలుగా కొని టీవీకి అటూ ఇటూ, భోజనాల బల్ల మీద, ఆఖరికి స్నానాల గదిలో కూడా పెట్టుకుంటున్నారని ఫోన్లలో ఫోటోలు వచ్చాయి. వాటిని వెలిగించరట. తోమరట. చూస్తారట. జనం ఇంత ఇష్టంగా చేసే పని ఏ అజమాయిషీ లేకుండా జరిగిపోతుంటే ప్రభుత్వం ఎందుకు ఊరుకుంటుంది? పురాతన గృహాలంకరణ పరిరక్షణ మండలి అని ఒకటి పుట్టింది. ‘ప్రతి ఇంటా ప్రాచీన పిత్తలం’ అంటూ ఆటోకి మైకు కట్టి వీధి వీధీ తిరిగారు. పిత్తలమంటే ఇత్తడని మాకెవరికీ తెలియదు. కొత్త రోగానికి టీకా ఏమోనని వీధిలో సగంమంది పిల్లల్ని లోపలికి లాక్కుని తలుపులేసుకున్నారు. నా కూతురు పెళ్ళై అత్తారింట్లో ఉంది, అయినా నేనూ వేసుకున్నాను.

సంగతి తెలిశాక ఊరంతా ఇత్తడి కోసం పరుగెత్తింది. పాతవి దొరకనివాళ్ళు కొత్తవి కొని పాత చేసుకున్నారు. మా ఎదురింటి విమలకుమారి బజారు నుంచి మెరిసే స్టాండ్లు తెచ్చి, పుల్లమజ్జిగలో ఉప్పేసి నానబెట్టి, పేడకుప్పలో పాతి, పైకి తీసి మరుగుదొడ్లో వేలాడదీసింది. వారం తిరక్కుండానే వాటికి వందేళ్ళు వచ్చేశాయి.

మా ఇంట్లో మాత్రం నిజంగా పాతవే ఉన్నాయి. మా అత్తగారు రాహేలమ్మ వాటిని సెమ్మెలంటుంది. ఆవిడ తల్లి మిషనాసుపత్రిలో ఆయాగా చేసేటప్పుడు ఒక దొరసాని ఊరు విడిచి వెళ్తూ ఇచ్చిందట. క్రిస్మస్‌కి తోమి వెలిగించేవాళ్ళం, తుఫానుకి తోమకుండా వెలిగించేవాళ్ళం. రెండిట్లో ఒకటి పక్కకి ఒరిగి ఉంటుంది. మా ఆయన దైవసహాయం గారు కుర్రతనంలో దాంతో గోడకి మేకు కొట్టారు. ఎమర్జెన్సీ లైటు కొన్నాక రెండూ అటకెక్కాయి.

వాటిని దింపమన్నది నా కూతురు సలోమి. దానికి అప్పుడు ఏడో నెల. దాని అత్తగారు బతికి లేరు. అల్లుడిది షిఫ్టు డ్యూటీ. వాళ్ళుండేది లిఫ్టు లేని మూడో అంతస్తు. పైనుంచి దిగుతూ పడుతుందేమో, పడితే ఎవరూ చూడరేమో, చూసినా ఫోన్లో ఛార్జింగు ఉండదేమో అని నాకు అన్నం సహించేది కాదు. కాన్పుకి మా ఇంటికే రావాలి, ఇంకో దారి లేదు. ఆ పిల్ల ఫోన్లో, “అమ్మా, మన హాలు మరీ బోసిగా ఉంటుందే, నాయనమ్మ సెమ్మెలు పెట్టు” అంది. కడుపుతో ఉన్న పిల్ల అడిగిందని అటకెక్కాను. తేలు లేదు, పాము లేదు. సెమ్మెలకి మాత్రం చెయ్యి మందాన పచ్చగా చిలుము పట్టి ఉంది.

ఇత్తడి చిలుము విషమని మా అమ్మ నాకు ఉగ్గుతోనే పోసింది. రేపు పసిబిడ్డ ఇంట్లోకి వస్తే గాలికి ఆ చిలుము ఎగిరి ఉయ్యాల్లో పడితేనో? గబగబా చింతపండు నానేశాను. అప్పుడే విమలకుమారి వచ్చి నా చెయ్యి పట్టేసుకుంది.

“మార్తమ్మ వదినా, లక్ష్మీదేవిని కడిగి కాలవలో పారబోసుకుంటావా? ఇప్పుడు చిలుమే ఆస్తి. ఇత్తడి ఊరికే దాని కింద ఉంటదంతే.”

ఊరంతా ఒకటి చేస్తుంటే మనం ఇంకోటి చేస్తే ఏం మూడుతుందోనని ఆగాను. సలోమి వచ్చేలోగా తోమేద్దాంలే అనుకుని, హాల్లో గోడగూట్లో బైబిలుకి అటొకటి ఇటొకటి పెట్టాను. ఆ గూటి కిందే మా అత్తగారి నవారు మంచం.

ఎవరు చెప్పారో, ఆ సాయంత్రమే మండలి నుంచి ఉప సంచాలకులు విశ్వభూషణం గారు వచ్చారు. తెల్లటి చేతితొడుగులు వేసుకుని, భూతద్దం పెట్టి సెమ్మెల్ని చాలాసేపు చూశారు. ఆ తర్వాత కళ్ళు మూసుకుని వాసన చూశారు.

“వయోనిర్ధారణకు మండలి ఆమోదించిన ఏకైక ప్రమాణం చిలుము. చిలుము ఉన్నది ప్రాచీనం, లేనిది నవీనం. మూడవది లేదు,” అన్నారు. ఒరిగిన సెమ్మె దగ్గర ఆగి దాన్ని ‘చారిత్రక వక్రత’ అన్నారు. మా ఆయన మేకు సంగతి చెప్పబోయారు. చరిత్రని వంచినందుకు ఎన్నేళ్ళు వేస్తారో తెలియదు కదా, నేను ఆయన కాలు తొక్కాను.

చిలుమును తుడవడం చరిత్రను హత్య చేయడంతో సమానమని, అందుకు జైలుశిక్ష ఉందని కూడా విశ్వభూషణం గారు చెప్పారు. ఇటు కూతురి కాన్పు, అటు నేను జైల్లో. ఆ మాట వినగానే నానేసిన చింతపండు చారు పెట్టేశాను.

మా గుమ్మానికి ‘పరిరక్షిత అలంకరణ ప్రాంతం’ అని పలక కొట్టారు. వీధివాళ్ళు వచ్చి అభినందించారు. విమలకుమారి ముఖం మాడ్చుకుంది. పాస్టరు గారు ఆదివారం ఆరాధనలో మా పేరెత్తారు. ఆ ఒక్క వారం మేము బాగానే ఉన్నాం.

మొదటి ఉత్తర్వు సెమ్మెల్ని కదపకూడదని. న్యాయమే అనుకున్నాం. తర్వాతది గూటిని కదపకూడదని. గూడు గోడలో ఉంది, ఎలాగూ కదలదు. ఆ తర్వాత వరుసగా వచ్చాయి. ఫ్యాను వేస్తే గాలికి చిలుము స్వభావం మారుతుంది కాబట్టి వేయకూడదు. ట్యూబులైటు కొట్టుకుంటుంటే అలాగే కొట్టుకోనివ్వాలి, ఎందుకంటే గుర్తింపు ఇచ్చేనాటికి అది కొట్టుకుంటోంది. బూజు దులపాలంటే ఆ సాలెపురుగు గుర్తింపుకి ముందుదా తర్వాతదా అన్నది తేల్చాలి. అన్నిటికంటే ముఖ్యం, కొవ్వొత్తి స్టాండ్లలో కొవ్వొత్తి పెట్టరాదు. ఎందుకండీ అని మా ఆయన అడిగితే, అది ఆ వస్తువు ప్రాచీన వైభవానికి భంగమని చెప్పారు. మరి ఆ ప్రాచీనంలో దాంట్లో ఏం పెట్టేవారని ఈయన అడగబోతే మళ్ళీ కాలు తొక్కాను. ఆ నెలంతా ఆయన కుంటుతూనే బస్సు డిపోలో డ్యూటీకి వెళ్ళారు.

తర్వాత ఇంట్లో ఉన్నవాటినన్నిటినీ ‘మూలం’, ‘అనంతర చేర్పు’ అని రెండుగా విడదీయడానికి విశ్వభూషణం గారు మళ్ళీ వచ్చారు. సెమ్మెలు ఈ ఇంటికి రాహేలమ్మ గారి చేతుల మీదుగా వచ్చాయి కాబట్టి ఆవిడ మూలం. ఆవిడ మంచం మూలం. మా ఆయన ఈ ఇంట్లోనే పుట్టారు గనుక మధ్యకాలం, మరమ్మతులకు అర్హులు. నేను కోడలిగా వచ్చాను. అనంతర చేర్పు.

మా అత్తగారి మంచం కోడుకి ‘ప్రాచీనం. తాకరాదు. కదపరాదు.’ అని చిన్న పలక కట్టారు.

ఆవిడ ఆ పలకని ఎంత గౌరవించిందో చెప్పలేను. ఆ రోజు నుంచి మంచం దిగితే ఒట్టు. మందు మింగమంటే “మూలాన్ని మార్చకూడదంటగా” అనేది. కాఫీ, టిఫిను, పళ్ళు తోముకోవడానికి నీళ్ళు అన్నీ అక్కడికే. చూడ్డానికి వచ్చినవాళ్ళు చెప్పులు విప్పి దణ్ణం పెడుతుంటే, “వందనాలు, వందనాలు, దగ్గరికి రాబాకండి” అని చెయ్యి ఊపేది. నేను కాస్త విసుక్కుంటే విశ్వభూషణం గారితో, “ఏంటోనయ్యా, ఈ అనంతరంది నామీద అరుస్తది” అని చెప్పింది. అనంతర చేర్పులు మూలం పట్ల మర్యాదగా ఉండాలని నాకు మందలింపు వచ్చింది. నలభై ఏళ్ళుగా అత్తాకోడళ్ళ మధ్య తేలని సంగతి ప్రభుత్వం తేల్చిపారేసింది.

ఇదంతా భరించాం. భరించలేనిది సలోమి సంగతి. నెలలు నిండుతున్నాయి. ఇంట్లోకి కొత్త మనిషిని తేవాలంటే అనుమతి కావాలంటే, మా ఆయనా నేనూ మండలి ఆఫీసుకి వెళ్ళాం. అక్కడ ప్రతి బల్ల మీదా చిలుము పట్టిన స్టాండ్లు ఉన్నాయి. దేని మీదా ఫైలు పెట్టుకునే చోటు లేదు కాబట్టి గుమాస్తాలు ఖాళీగా ఉన్నారు.

విశ్వభూషణం గారు మమ్మల్ని కూర్చోబెట్టి శాంతంగా వివరించారు.

“మీ కుమార్తె రావడానికి మండలికి అభ్యంతరం లేదమ్మా. ఒక్కరుగా వచ్చి ఒక్కరుగా వెళ్తే అతిథి. ఒక్కరుగా వచ్చి ఇద్దరైతే అది విస్తరణ. పరిరక్షిత ప్రాంతంలో నూతన నిర్మాణానికి అనుమతి ఇచ్చే అధికారం నాకు లేదు.”

“నిర్మాణం కాదండీ,” అన్నాను, “బిడ్డ.”

“పునాది ఎక్కడ పడిందన్నది మేము చూడమమ్మా. పూర్తయ్యేది ఎక్కడన్నదే చూస్తాం.”

కాన్పు ఆసుపత్రిలోనే కదా, బిడ్డ పూర్తయ్యాకే ఇంటికొస్తుంది కదా అని మా ఆయన తెలివిగా పట్టుకున్నారు. అలాగైతే అది బయటి నుంచి దిగుమతి అయిన నవీన వస్తువని, దానికి నిబంధనలు ఇంకా కఠినమని చెప్పారు. ఉయ్యాల సంగతి అడిగాను. మా హాల్లో దూలానికి కొక్కెం ఉంది. మా ఆయన్ని ఊపిందీ, సలోమిని ఊపిందీ దానికే. కొక్కెం మూలమని, ఉండొచ్చని, ఉయ్యాల మాత్రం అలంకరణ భంగమని అన్నారు. లేచేటప్పుడు ధైర్యం చెప్పారు కూడా. బిడ్డ ఎక్కడైనా వంద సంవత్సరాలు నిలిస్తే, అప్పుడు మూలంగా చేర్చే విషయం సానుభూతితో పరిశీలిస్తారట.

ఇంటికొచ్చి సలోమికి చెప్పాను. “సరేలే” అని ఫోన్ పెట్టేసింది. ఏడుస్తోందేమో, ఏడిస్తే బి.పి. పెరుగుతుందేమో, పెరిగితే ఆ మూడో అంతస్తులో ఎవరు చూస్తారో అని నేను ఇవతల ఏడ్చాను.

పులి మీద పుట్రలా ఇంకో కబురొచ్చింది. మా ఇంటిని ప్రథమ శ్రేణికి పెంచడానికి ఉన్నత స్థాయి సంఘం తనిఖీకి వస్తోందట. ప్రథమ శ్రేణి అంటే ఏమిటని అడిగితే, ‘అనంతర చేర్పుల తొలగింపు’ అన్నారు. మా ఆయనకి మరమ్మతు వీల్లేదని తేలి ఆయన్నీ నాలో కలిపారు. సంఘం ముద్ర పడగానే మేమిద్దరం బయటికి. మా అత్తగారు, మంచం, సెమ్మెలు, సాలెపురుగు లోపల.

తనిఖీ రోజు పొద్దున్నే సలోమి ఫోన్ చేసింది. ఇవాళో రేపో అని డాక్టరమ్మ చెప్పిందట. “నేను బయల్దేరిపోయానమ్మా. ఆటోలో ఉన్నాను. గుమ్మంలో ఆపుతారో కడుపుతో ఉన్నదాన్ని నెడతారో చూస్తా,” అంది. రోడ్డు మీద గుంటలు నాకు తెలుసు. సగం దారిలో నొప్పులొస్తేనో? వస్తే, వచ్చాక గుమ్మంలో సంఘం నిలబడి ఉంటేనో? నేను హాలు మధ్యలో కూలబడ్డాను. ప్రభువా, ప్రభువా అని తప్ప ఇంకేం నోటికి రాలేదు.

“ఏంటే మార్తా,” అంది మా అత్తగారు మంచం మీది నుంచి. చెప్పాను. సలోమిని లోపలికి రానియ్యరని, వచ్చినా ఉయ్యాల కట్టనియ్యరని చెప్పాను. ఆవిడ దూలానికున్న కొక్కెం వైపు చూసింది. తర్వాత పలక వైపు చూసింది. తర్వాత, వారాల తరబడి ప్రభుత్వం కదపనివ్వని మనిషి, కాళ్ళు కిందపెట్టి లేచింది.

నేరుగా వంటింట్లోకి వెళ్ళి డబ్బా మూత తీసి గుప్పెడు చింతపండు తీసుకుంది. నేను అడ్డం వెళ్ళాను. “అత్తయ్యా, వద్దు. జైల్లో పెడతారు. ఈ వయసులో కటిక నేల మీద పడుకోలేరు, అక్కడ దోమలు కూడా ఉంటాయంట.”

“నన్ను జైల్లో పెట్టాలంటే ముందు ఈ ఇంట్లోంచి కదపాలి కదే,” అంది ఆవిడ చింతపండు పిసుకుతూ. “కదపకూడదని పలక కట్టింది వాళ్ళేగా. నువ్వు ముట్టుకోబాక. నువ్వు అనంతరం.”

ఆవిడే తోమింది. చింతపండు వేసి ఒకసారి, బూడిద వేసి ఒకసారి, మళ్ళీ చింతపండు వేసి ఒకసారి. పచ్చటి నీళ్ళు కాలవ వెంట పోతుంటే, ఆ కాలవ ఎవరింటి ముందు నుంచి పోతుందో, ఎవరు చూసి చెబుతారోనని నేను వెనకాలే నీళ్ళు పోసుకుంటూ వెళ్ళాను. ఎండలో పెట్టి తుడిచేసరికి సెమ్మెలు బంగారంలా ధగధగలాడాయి. దొరసాని కూడా వాటినంత మెరుపుతో చూసి ఉండదు. గూట్లో పెట్టి, మంచమెక్కి, కాళ్ళు చాపుకుని మళ్ళీ ప్రాచీనమైపోయింది మా అత్తగారు.

సంఘం రెండు కార్లలో దిగింది. అధ్యక్షురాలు నల్లకళ్ళద్దాలతో హాల్లోకి అడుగుపెట్టి, గూటి వైపు చూసి, కళ్ళద్దాలు తీయబోయి మళ్ళీ పెట్టుకున్నారు. విశ్వభూషణం గారు భూతద్దం పెట్టారు. సెమ్మె మీద ఆయన ముఖమే కనబడింది.

“చిలుము ఏదీ?” అన్నారావిడ.

విశ్వభూషణం గారి పరిస్థితి నాకు అర్థమైంది, నాకే జాలేసింది. చిలుము పోయిందంటే కాపలా కాయలేదన్న తప్పు ఆయనది. ఇవి మొదటి నుంచీ కొత్తవే అంటే, కొత్తవాటికి పాతవని ముద్ర వేసిన తప్పు కూడా ఆయనదే. చెమట తుడుచుకున్నారు. గొంతు సవరించుకున్నారు. ఆ తర్వాత ఆయన అన్న మాట విన్నాక, అంత పెద్ద పదవి ఊరికే రాదని ఒప్పుకోవాల్సి వచ్చింది.

“మేడమ్, సదరు వస్తువుల ప్రాచీనత గడువు ముగిసినది. కాలక్రమేణా అవి నవీనత్వమును సంతరించుకున్నవి.”

సంఘం పక్కకి వెళ్ళి గుసగుసలాడుకుంది. చిలుము ఉన్నది ప్రాచీనం, లేనిది నవీనం, మూడవది లేదు. కాదనడానికి ఎవరికీ దారి దొరకలేదు. అదే సమయానికి గుమ్మం ముందు ఆటో ఆగింది. సలోమి ఒక చేత్తో నడుం, ఇంకో చేత్తో తలుపు పట్టుకుని దిగింది. నేను పరుగెత్తాను. విశ్వభూషణం గారు అలవాటుకొద్దీ చెయ్యి అడ్డం పెట్టి “విస్తరణ” అనబోయారు.

“ఇది ఇప్పుడు మామూలు ఇల్లు,” అన్నారు అధ్యక్షురాలు విసుగ్గా. “ఎవరైనా రావచ్చు, ఎంతమందైనా కావచ్చు.”

గుమ్మానికున్న పలక ఊడదీశారు. కార్లలో పెట్రోలు పోసుకుని ఇంత దూరం వచ్చాక ఎవరినో ఒకరిని ప్రథమ శ్రేణిలో పెట్టకుండా వెళ్ళడం బాగుండదు కాబట్టి ఎదురింట్లోకి వెళ్ళారు. విమలకుమారి స్టాండ్ల దగ్గర పుల్లమజ్జిగ కంపుని నిపుణులు ‘యుగాల నాటి పరిమళం’గా గుర్తించి రెండు వందల ఏళ్ళు తేల్చారు. ఇంట్లోవాళ్ళందరూ అనంతర చేర్పులే. సాయంత్రానికి విమలకుమారి పెట్టే బేడాతో మా అరుగు మీద కూర్చుని, “వదినా, నీ దగ్గర చింతపండుందా” అని అడిగింది.

సలోమికి మర్నాడే ఆడపిల్ల పుట్టింది. ఇద్దరూ క్షేమం. ఇంటికి తెచ్చిన రోజు కరెంటు పోయింది. సెమ్మెల్లో కొవ్వొత్తులు వెలిగించి, కొక్కేనికి ఉయ్యాల కట్టాం. మైనం కారి బిడ్డ మీద పడుతుందేమోనని నేను ఉయ్యాలకీ గూటికీ మధ్య అడ్డంగా నిలబడ్డాను.

నాకు మైనం కన్నా భయం చూడ్డానికి వచ్చే జనం. ఒకరు బుగ్గ గిల్లుతారు, ఒకరు బస్సు దిగిన చేతుల్తోనే ఎత్తుకుంటారు, ఇంకొకరు దగ్గుతూ ముద్దు పెట్టుకుంటారు. వద్దంటే అపార్థాలు. మా అత్తగారు ఇదంతా చూసి, మంచం కోడుకున్న తన పలక విప్పించి ఉయ్యాల తాడుకి కట్టించింది. ‘ప్రాచీనం. తాకరాదు. కదపరాదు.’ ప్రభుత్వ ముద్ర చూసి పేట మొత్తం చేతులు వెనక్కి కట్టుకుని బిడ్డని చూసి వెళ్ళింది.

ఆ పలక వెనక్కి తీసుకోవడం మర్చిపోయామని ఒక రోజు విశ్వభూషణం గారు మళ్ళీ వచ్చారు. ఉయ్యాలకి ఉన్న పలక చదివారు. బిడ్డని చూశారు. ఆయనకి నియమం నరాల్లో ఉంది. తనకి తెలియకుండానే జేబులోంచి చేతితొడుగులు తీసి వేసుకుని, గొంతు తగ్గించి, “ఏ కాలం నాటిది?” అని అడిగారు.

నిజం చెబితే నూతన నిర్మాణం. అబద్ధం చెబితే పరిరక్షిత వస్తువు.

“నువ్వే చూసి చెప్పు బాబూ,” అంది మా అత్తగారు. “చిలుము చూసి చెప్తావుగా.” అని పిల్ల పొత్తిగుడ్డ విప్పింది.

అది అప్పుడే పని కానిచ్చింది. పచ్చగా, చిక్కగా, అచ్చం అటక మీద సెమ్మెలకి ఉన్న రంగే. విశ్వభూషణం గారు భూతద్దం తీసి వంగారు. ఆయన కళ్ళలో చాలా రోజుల తర్వాత వెలుగొచ్చింది.

“తుడవకండి,” అన్నారు.

నేను తుడిచేశాను.